కుంటా కింటే మా టీవీలోకి వచ్చిన రోజులు

2025 అక్టోబరులో ఒక శనివారం పొద్దున మా అమ్మాయి నాకో వీడియో లింకు పంపింది. మాటేమీ రాయలేదు, పక్కన ఒక సీతాకోకచిలుక బొమ్మ పెట్టిందంతే. తెరిచి చూస్తే, పిల్లలకి పుస్తకాలు పరిచయం చేసే ఆ పాత కార్యక్రమం ‘రీడింగ్ రెయిన్‌బో’ మళ్ళీ మొదలైంది! ఈసారి టీవీలో కాకుండా యూట్యూబ్‌లో. మైకల్ థ్రీట్స్ అని, కాలిఫోర్నియాలో లైబ్రేరియన్‌గా పనిచేసిన అబ్బాయి పిల్లల్ని పలకరిస్తున్నాడు. నేను పొయ్యి మీద పప్పు పెట్టి ఉన్నాను. స్టవ్ కట్టేసి, ఫోను పట్టుకుని కూర్చుండిపోయాను. చూస్తున్నంతసేపూ నా కళ్ళ ముందు మెదిలింది వేరే. పాతికేళ్ళ కిందటి మా అపార్ట్‌మెంటూ, గోధుమరంగు కార్పెట్ మీద బొంత పరుచుకుని కూర్చున్న మూడున్నరేళ్ళ పిల్లా, దాని వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఇరవై ఆరేళ్ళ నేనూ.

1999 డిసెంబరు ఆఖర్లో పాపని తీసుకుని న్యూజెర్సీ వచ్చాను. 2000 రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే వైటూకే పని మీద మా ఆయన అంతకు ఏడు నెలల ముందే వచ్చారు. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. ఎండ తప్ప మరోటి ఎరగని ఊరు నుంచి వచ్చి, కిటికీ బయట మోకాలెత్తు మంచు చూస్తూ కూర్చునేదాన్ని. ఆయన పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి రావడం. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. కారు నడపడం రాదు. ఇంగ్లీషు చదవడం వచ్చు, డిగ్రీ దాకా చదువుకున్నాను. కానీ ఎదుటివాళ్ళు మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఫోను మోగితే గుండె దడదడలాడేది. ఎత్తకుండా, అది ఆగేదాకా పక్కన నిలబడేదాన్ని. పాప నా మొహం చూసి తనూ కదలకుండా నిలబడేది. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ 20 డాలర్లకి అమ్మిన టీవీ ఒకటి ఉండేది మా ఇంట్లో. కేబుల్ లేదు, కుందేలు చెవుల్లాంటి యాంటెన్నా. దాన్ని కిటికీ వైపు తిప్పితే నాలుగైదు చానెళ్ళు వచ్చేవి. అన్నిట్లోకీ బాగా వచ్చేది 13, అంటే అక్కడి పబ్లిక్ టెలివిజన్. ప్రకటనలు ఉండవు, పిల్లల కార్యక్రమాలు ఎక్కువ. ఒకరోజు పాప రిమోట్‌తో ఆడుతూ ఏదో నొక్కింది. తెర కింద నల్లపట్టీ, దాని మీద తెల్లటి అక్షరాలు, మనుషులు ఏం మాట్లాడుతున్నారో అదంతా పరుగులు పెడుతూ వస్తోంది. వినికిడి లేనివాళ్ళ కోసం చేసిన ఏర్పాటట అది. 1993 నుంచి అమెరికాలో అమ్మడానికి తయారయ్యే 13 అంగుళాలూ అంతకు పైబడ్డ టీవీలన్నిట్లో అది ఉండి తీరాలని చట్టం. ఆ సంగతి చాన్నాళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నాకు దేవుడు కనిపించినంత సంతోషం. చెవికి అందని ఇంగ్లీషు కంటికి అందింది.

అట్లా ఆ నల్లపట్టీతో నేను మొదటిసారి పూర్తిగా అర్థం చేసుకున్న కార్యక్రమం రీడింగ్ రెయిన్‌బో.

అరగంట కార్యక్రమం. ముందు సీతాకోకచిలుక మీద ఒక పాట. తర్వాత లెవార్ బర్టన్ అనే నల్లజాతి ఆయన వచ్చి, ఎదురుగా మనమే కూర్చున్నట్టు మాట్లాడతాడు. పిల్లలతో మాట్లాడేటప్పుడు చాలామంది గొంతు సాగదీసి ముద్దు చేస్తారు. ఈయన అట్లా చేయడు. ఈడైన స్నేహితుడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ప్రతి భాగానికీ ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని పేరున్న నటులో, గాయకులో చదువుతారు. వాళ్ళు చదువుతుంటే పుస్తకంలో బొమ్మలు తెర మీద మెల్లగా కదులుతాయి. నిజానికి బొమ్మ కదలదు, కెమెరా బొమ్మ మీద జరుగుతుంది. ఒక మూల నుంచి మొదలై, కథలో ఎవరి మాట వస్తే వాళ్ళ మొహం దగ్గర ఆగుతుంది. మన చేర్యాల పటం విప్పుతూ కథ చెప్పేవాళ్ళు కర్రతో ఒక్కో బొమ్మా చూపిస్తారే, అదే పద్ధతి. కార్టూన్ల హడావుడికి అలవాటుపడిన పిల్లలు దీన్ని చూస్తారా అనిపిస్తుంది. మా పాప నోరు తెరుచుకుని చూసేది.

కథ అయిపోయాక ఆయన ఆ కథలో విషయం వెతుక్కుంటూ బయటికి వెళ్తాడు. తేనెటీగల కథయితే తేనెటీగలు పెంచేవాళ్ళ దగ్గరికి, అగ్నిపర్వతం కథయితే అగ్నిపర్వతం దగ్గరికి. ఒకసారి టీవీ కార్యక్రమాలు ఎలా తీస్తారో చూపించడానికి, తను నటించే ‘స్టార్ ట్రెక్’ సెట్లోకే పిల్లల్ని తీసుకెళ్ళాడు. అందులో ఆయనది చూపులేని ఇంజినీరు వేషం, కళ్ళకి అడ్డంగా ఒక లోహపు పట్టీ పెట్టుకుంటాడు. అది చూసి పాప బెదిరిపోయి, “అమ్మా, బుక్కు మామయ్యకి కళ్ళు కనపడవా?” అని ఏడుపు మొహం పెట్టింది. అప్పటికే మా ఇంట్లో ఆయన పేరు బుక్కు మామయ్య. పట్టీ తీసి నవ్వేదాకా దానికి ఊపిరి ఆడలేదు.

చివర్లో ముగ్గురు పిల్లలు వస్తారు. మామూలు బడిపిల్లలే. పుస్తకం అట్ట మనవైపు తిప్పి పట్టుకుని, తాము చదివిన పుస్తకం గురించి రెండు ముక్కలు చెబుతారు. కొందరికి పళ్ళు ఊడి ఉంటాయి, కొందరు మధ్యలో తడబడతారు. ఆ తడబాటును తీసేయకుండా అట్లాగే చూపించేవాళ్ళు. వాళ్ళు రావడానికి ముందు లెవార్ బర్టన్ తప్పకుండా ఒక మాట అంటాడు: నేను చెప్పానని నమ్మక్కర్లేదు అని. ఆ మాట నాకెంతో నచ్చింది. టీవీలో కనిపించే ప్రతివాడూ నా మాట నమ్మండి, నమ్మండి అనేవాడే కదా!

మా పాపకి ఆ చివరి భాగం ఆట అయిపోయింది. ఇండియా నుంచి తెచ్చిన పెద్ద సూట్‌కేసు నిలబెట్టి, దాని వెనక నిలబడి, ఏదో ఒక పుస్తకం గడ్డం కింద ఆనించి పట్టుకుని మొదలుపెట్టేది. “ఈ బుక్కులో ఒక కుక్కపిల్ల ఉంటుంది. దానికి ఇల్లు ఉండదు. తర్వాత ఏమైందో నేను చెప్పను. నువ్వే చదువుకో.” దానికి చదవడం రాదు అప్పటికి. పుస్తకం ఒక్కోసారి తలకిందులుగా ఉండేది. అయినా సరే, చదివినవాళ్ళకి ఒక రహస్యం తెలుస్తుందనీ, దాన్ని మొత్తం చెప్పేయకుండా ఊరించాలనీ దానికి అర్థమైపోయింది.

ఒక కథ గురించి చెప్పాలి. కెన్యాలో కపితి మైదానం అని ఉంది. అక్కడ వానలు పడక గడ్డి ఎండిపోయి ఆవులు డొక్కలు ఎండగట్టుకుని నిలబడి ఉంటాయి. కిపాట్ అనే పశువుల కాపరి కుర్రాడు, గద్ద ఈకతో బాణం చేసి నల్లమబ్బుని కొడతాడు. వాన కురుస్తుంది. కథ ఇంతే. కానీ చెప్పే తీరు ఎట్లా ఉంటుందంటే, ప్రతి కొత్త వాక్యానికీ వెనకటి వాక్యాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ వస్తాయి, గొలుసులాగా. రెండో నిమిషానికే నాకు తెలిసిపోయింది, ఇది మన ఏడు చేపల కథ! చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపా గడ్డిమోపా ఎందుకు అడ్డమొచ్చావంటే ఆవు మేయలేదు. అదే నడక. ఆ సాయంత్రం పాపకి ఏడు చేపల కథ చెప్పాను. చీమ కుట్టే దగ్గరికి వచ్చేసరికి దానికి ఎంత సంబరమో! “మళ్ళీ చెప్పు” అని ఏడుసార్లు చెప్పించుకుంది. వాన కోసం కప్పకి పెళ్ళి చేసి ఊరేగించే ఊరి నుంచి వచ్చినదాన్ని. మబ్బుని బాణంతో కొట్టే పిల్లాడు నాకు పరాయివాడు ఎట్లా అవుతాడు?

ఆ కథ చదివిన గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. బావిలోంచి వచ్చినట్టుండే గంభీరమైన గొంతు. ‘స్టార్ వార్స్’లో డార్త్ వేడర్‌కి మాట ఇచ్చింది ఆయనే. అంతటి గొంతున్న మనిషికి చిన్నప్పుడు నత్తి ఉండేదని తర్వాత ఎక్కడో చదివాను. మాట్లాడాలంటే భయంతో దాదాపు ఎనిమిదేళ్ళు బళ్ళో నోరు విప్పలేదట. హైస్కూల్లో ఒక ఇంగ్లీషు మాస్టారు, అతను రాసుకున్న పద్యాన్ని క్లాసులో నిలబెట్టి చదివించారట. కాగితం మీది మాటలు పైకి చదువుతుంటే నత్తి రాలేదు! ఆ సంగతి చదివిన రోజు చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఎందుకంటే అప్పటికి నేనూ అదే పని మొదలుపెట్టి ఉన్నాను. మధ్యాహ్నం పాప నిద్రపోయాక, దాని బొమ్మల పుస్తకాలు గట్టిగా పైకి చదివేదాన్ని. టీవీలో వాళ్ళు ఎక్కడ ఆగారో అక్కడ ఆగుతూ, ఎక్కడ గొంతు పెంచారో అక్కడ పెంచుతూ. ఆరు నెలలు తిరిగేసరికి ఫోను మోగితే వెళ్ళి ఎత్తగలిగాను.

పుస్తకాలు లైబ్రరీవి. మా అపార్ట్‌మెంటు నుంచి నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు. మంచు కరిగాక, మార్చిలో, స్ట్రోలర్ తోసుకుంటూ మొదటిసారి వెళ్ళాం. కార్డు కోసం ఇంటి చిరునామా రుజువు కావాలన్నారు. కరెంటు బిల్లు చూపించాను. పది నిమిషాల్లో కార్డు చేతికిచ్చేశారు, డబ్బు అడగలేదు. “ఎన్ని పుస్తకాలు తీసుకోవచ్చు?” అని అడిగితే ఆ లైబ్రేరియన్ అమ్మ నవ్వి, మీరు మోయగలిగినన్ని అంది. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒకేసారి ఒక్కటే ఇచ్చేవాళ్ళు. నేను స్ట్రోలర్ కింది గూడు మొత్తం నింపాను. పాప ఒళ్ళో నాలుగు పెట్టాను. దారి పొడుగునా అది వాటిని రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది.

ఆ లైబ్రరీలోనే రీడింగ్ రెయిన్‌బో క్యాసెట్లు కూడా ఉండేవి. అట్లా చూసిందే బానిసల కథ ఒకటి. దక్షిణాది తోటల్లోంచి పారిపోయే బానిసలు రాత్రిపూట ఉత్తర దిక్కు తెలుసుకోవడానికి ఆకాశంలో ‘నీళ్ళు తాగే సొరబుర్ర’ని చూసుకుంటూ నడిచేవాళ్ళట. ఆ బుర్ర ఏదా అని చూస్తే, మన సప్తర్షి మండలం! అంచున ఉన్న రెండు చుక్కల్ని కలిపి గీత సాగదీస్తే ధ్రువ నక్షత్రం తగులుతుంది. అదే ఉత్తరం. ఆ వేసవిలో ఒక రాత్రి పాపని పార్కింగులోకి తీసుకెళ్ళి చూపించాను. వశిష్ఠుడు ఇక్కడ, పక్కన మినుకుమినుకుమనేది అరుంధతి, నా పెళ్ళిలో పట్టపగలు చూడమన్నారు అని చెప్పాను. “పారిపోయేవాళ్ళు దీన్నే చూశారా?” అని అడిగింది. అవునన్నాను. “చిన్నపిల్లలు కూడానా?” అవునన్నాను. దాని చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

ఇక అసలు సంగతి.

2001 ఫిబ్రవరి. అమెరికాలో ఆ నెలంతా నల్లజాతి వారి చరిత్రని తలుచుకుంటారు. లైబ్రరీలో ద్వారం దగ్గరే ఒక బల్ల మీద పుస్తకాలూ క్యాసెట్లూ పేర్చి పెట్టారు. వాటిలో ‘రూట్స్’ క్యాసెట్ల పెట్టె ఉంది, అలెక్స్ హేలీ నవలని తీసిన టీవీ సీరియల్. పేరు చూడగానే చెయ్యి దానంతటదే వెళ్ళింది. వెనక్కి తిప్పి నటుల పేర్లు చదువుతున్నాను. లెవార్ బర్టన్. కుంటా కింటే: లెవార్ బర్టన్. కుంటా కింటే అంటే ఆ కథలో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి అమెరికాలో బానిసగా అమ్మేసిన కుర్రాడు.

నాకు కాళ్ళు ఆడలేదు. రోజూ మా ఇంట్లో పాపతో మాట్లాడుతున్న బుక్కు మామయ్య కుంటా కింటే! ఇంటికి తెచ్చి ఆ రాత్రి మొదటి క్యాసెట్ వేశాను. అదే మొహం, ఇంకా లేత మొహం. 1977 జనవరిలో ఏబీసీ చానెల్ దాన్ని వరసగా ఎనిమిది రాత్రులు వేసింది. అది తీసేనాటికి ఆయన 19 ఏళ్ళ కాలేజీ కుర్రాడు. తల్లి ఇంగ్లీషు టీచరు. ఇంకో సంగతి కూడా తర్వాత తెలిసింది. 1979లో దానికి కొనసాగింపు తీసినప్పుడు, రచయిత అలెక్స్ హేలీ వేషం వేసింది జేమ్స్ ఎర్ల్ జోన్స్. కిపాట్ కథ చదివిన గొంతు! మా చిన్న టీవీలోంచి పాపకి కథలు చెప్పింది కుంటా కింటే, అలెక్స్ హేలీ. ఇది నాకు మామూలు విషయం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే మా ఊరి వసారాలోకి వెళ్ళాలి.

1983. రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడు. నాకు పదేళ్ళు. నాన్న బడిపంతులు. ఒంగోలు వెళ్ళినప్పుడు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘ఏడుతరాలు’ తెచ్చారు. ఆ ‘రూట్స్’ నవలనే సహవాసి తెలుగు చేసింది. ఆ వేసవి మధ్యాహ్నాలు మా వసారాలో ఆడవాళ్ళు చింతపండు బాగుచేసేవాళ్ళు. ఈనెలు లాగి, గింజలు తీసి, ఉప్పు చల్లి జాడీల్లోకి తొక్కాలి. రోజుల తరబడి పని. మేం పిల్లలం అష్టాచెమ్మాకి చింతగింజలు ఏరుకునేవాళ్ళం. అమ్మకి చేతుల పని కంటే చదివే పని అప్పజెప్పేవాళ్ళు. “నీ వంతు చింతపండు మేం తీస్తాం, నువ్వు చదువు” అనేవాళ్ళు. అమ్మ స్తంభానికి ఆనుకుని రోజుకి కొంత చొప్పున పైకి చదివింది. కుంటా అడవిలో దుంగ కోసం వెళ్ళడం, పట్టుబడటం, ఓడ అడుగున గొలుసులు. నాలుగోసారి పారిపోయి దొరికినప్పుడు పాదం సగానికి నరకడం. ఆ రోజు ఎవరూ చింతపండు ముట్టుకోలేదు.

ఎదురింటి అత్తయ్యకి అక్షరం ముక్క రాదు. కానీ అందరికంటే ముందు ఆవిడే వచ్చి కూర్చునేది. కుంటా కూతురు కిజ్జీ. యజమాని ఇంటి పిల్ల ఆటగా బడి ఆడుతూ కిజ్జీకి చదవడం, రాయడం నేర్పుతుంది. పెద్దయ్యాక కిజ్జీ, తను ప్రేమించిన కుర్రాడు పారిపోవడానికి ప్రయాణపు చీటీ రాసి ఇస్తుంది. అతను దొరికిపోతాడు, చీటీ ఎవరు రాశారో బయటపడుతుంది. తల్లీ తండ్రీ కాళ్ళు పట్టుకుని ఏడుస్తున్నా వినకుండా కిజ్జీని అమ్మేస్తారు. అమ్మ అక్కడికి వచ్చేసరికి గొంతు పెగల్లేదు. అత్తయ్య చింతపండు చేతులతో పుస్తకాన్ని పట్టుకుంది, ఆ పేజీలో ఎక్కడ ఉందో చూపించమన్నట్టు. “రాయడం వచ్చిందనా అమ్మేసింది?” అని అడిగింది. అవునని అమ్మ తలూపింది. “రాస్తే అంత భయమా వాళ్ళకి?” అంది అత్తయ్య. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల బానిసలకి చదువు చెప్పడమే నేరంగా చట్టాలు ఉండేవని నేను పెద్దయ్యాక చదువుకున్నాను. అత్తయ్యకి అది ఒక్క వాక్యంతోనే తెలిసిపోయింది.

రీడింగ్ రెయిన్‌బో మొదటిసారి వచ్చింది 1983 జూలై 11న. అదే వేసవి. సెలవుల్లో పిల్లలు చదివినదంతా మర్చిపోతున్నారని, వేసవిలో టీవీ ముందు కూర్చునే పిల్లల చేతికి పుస్తకం అందించాలని మొదలుపెట్టారట. మా వసారాలో కిజ్జీని అమ్మేసిన కొద్ది వారాలకి, ప్రపంచానికి ఆ కొసన కుంటా కింటే మొహంతో ఒకాయన పిల్లల ముందుకి వచ్చి పుస్తకం తెరిచాడు.

రూట్స్ క్యాసెట్ వేసిన ఆ రాత్రే కాలింగ్ కార్డు గీకి, ఆ పొడుగాటి నంబర్లన్నీ నొక్కి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న. “అమ్మా, ఏడుతరాలు గుర్తుందా? కుంటా కింటే వేషం వేసినాయన ఇక్కడ టీవీలో పిల్లలకి పుస్తకాలు చదివిస్తున్నాడమ్మా. పాప రోజూ చూస్తుంది” అన్నాను. అటు చాలాసేపు మాట లేదు. లైను తెగిందనుకున్నాను. “అమ్మాయ్, కిజ్జీ వాళ్ళ నాన్నే?” అంది అమ్మ. ఆ గొంతు వణకడం సముద్రాలు దాటి వినిపించింది.

వారం తర్వాత మళ్ళీ చేస్తే, ఎదురింటి అత్తయ్యకి చెప్పానంది. అప్పటికి ఆవిడకి డెబ్భై దాటాయి. “ఏమందమ్మా?” అని అడిగాను.

“కాలు బాగయిందా, నడుస్తున్నాడా అని అడిగిందే” అంది అమ్మ. “బాగా నడుస్తున్నాడంట, కొండలెక్కుతున్నాడంట అని చెప్పాను.”

రీడింగ్ రెయిన్‌బోకి టీవీ కార్యక్రమాలకిచ్చే ఎమ్మీ అవార్డులు 26 వచ్చాయి. 155 భాగాలు తీశారు. 2006 నవంబరులో కొత్తవి ఆగిపోయాయి. పాతవే మళ్ళీ మళ్ళీ వేస్తూ 2009 ఆగస్టు 28తో అవీ ఆపేశారు. పాపని బడి నుంచి తెస్తూ కారు రేడియోలో విన్నాను. ప్రసార హక్కులు కొనసాగించడానికి కొన్ని లక్షల డాలర్లు కావాలి, ఇచ్చేవాళ్ళు లేరు. అప్పటికి ప్రభుత్వం డబ్బంతా చదవడం ఎలాగో నేర్పే కార్యక్రమాల వైపు పోతోంది, అంటే అక్షరాలు, శబ్దాలు, స్పెల్లింగులు. రీడింగ్ రెయిన్‌బో నేర్పేది అసలు ఎందుకు చదవాలో. ఆ రెండోదానికి డబ్బు దొరకలేదు.

అక్షరాలు నేర్పవద్దని ఎవరంటారు? ‘సెసమీ స్ట్రీట్’ 1969 నుంచీ ఆ పని ఎంతో బాగా చేస్తోంది, మా పాప ఎ బి సి డిలు నేర్చుకుంది అక్కడే. కానీ అక్షరాలు వచ్చి కూడా పుస్తకం ముట్టనివాళ్ళని నేను చాలామందిని చూశాను. నాతో పదో తరగతి చదివినవాళ్ళలో సగం మంది, ఆఖరి పరీక్ష రాసిన మర్నాడే గైడ్లు కాగితాల కొట్టుకి వేసి మళ్ళీ చదువు జోలికి పోలేదు. మా జిల్లాకి ఆనుకునే నెల్లూరు. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్ళు రాత్రిబళ్ళకి వచ్చారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుడు వల్ల కూలిపోయిన కుటుంబం కథ. దూబగుంట ఆడవాళ్ళు అది చదివి, మాట్లాడుకుని, 1992లో సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతా సారా బందయింది. వాళ్ళని లేపి నిలబెట్టింది కథ. గుణింతాలు ఆ కథ దాకా తీసుకెళ్ళాయి. ఆ రెంటినీ విడదీసి ఒకదానికి డబ్బిచ్చి, ఒకదాన్ని ఆపేయడం తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

2014లో లెవార్ బర్టన్ రీడింగ్ రెయిన్‌బోని ఇంటర్నెట్‌లో తిరిగి తేవడానికి జనాన్నే చందాలు అడిగారు. పది లక్షల డాలర్లు అడిగితే ఒక్కరోజు తిరక్కుండానే వచ్చేశాయి. చివరికి లక్షమందికి పైగా కలిసి 54 లక్షలు ఇచ్చారు. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో చేరబోతోంది. పక్కింటి పిల్లల్ని చూసుకుని సంపాదించిన డబ్బుల్లోంచి 10 డాలర్లు పంపింది. నాకు చెప్పలేదు, బ్యాంకు కాగితంలో చూశాను.

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఎదురింటి అత్తయ్య అంతకు ఎంతో ముందే పోయింది. ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసినప్పుడు నేను తెచ్చుకున్నవి రెండే. అమ్మ కళ్ళజోడు, ఆ ఏడుతరాలు ప్రతి. అట్ట ఊడిపోయింది, కాగితం ముట్టుకుంటే విరిగేట్టుంది.

మొన్న ఆ వీడియో చూసిన సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. కిజ్జీ కథ మళ్ళీ అడిగింది. “నువ్వు చెప్పొద్దమ్మా, చదివి వినిపించు, అమ్మమ్మ చదివినట్టు” అంది. దానికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు కానీ పుస్తకం చదివేంత రాదు. వీడియో కాల్‌లోకి మారి, పుస్తకం తెచ్చుకుని, కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టాను. చీటీ బయటపడే దగ్గరికి వచ్చేసరికి నాకూ గొంతు పెగల్లేదు. తమాయించుకోవడానికి పుస్తకాన్ని ఫోను వైపు తిప్పి పేజీ చూపించాను.

అది తెరకి దగ్గరగా వచ్చి చూసింది. “అమ్మా, ఆ మూల మరక ఏంటి? వేలి గుర్తులా ఉంది.”

“చింతపండు” అన్నాను.